అర శ్రుతి అబద్ధం

నేను ఒక టేపురికార్డరును. కడుపుమంట నాకు పుట్టుకతో వచ్చింది కాదు, తెనాలిలో భ్రమరాంబ గారి చేతికి వచ్చాక పట్టుకుంది. ఎక్కడో ఓ ఫ్యాక్టరీలో మోటారు బిగించి, బెల్టు తొడిగి, సరిగ్గా తిరుగుతున్నానని చీటీ అంటించి పంపారు. ఆ చీటీని నేను నమ్మాను. ఆవిడ నాకంటే ఎక్కువ నమ్మారు.

ఆవిడ పద్యనాటకాల్లో నటి. రాగం ఎత్తుకుంటే పందిట్లో చివరి వరస వాళ్ళు కూడా చుట్టలు ఆర్పేసేవాళ్ళు. అలాంటి గొంతును దాచిపెట్టేది నేను. ఆవిడ చూపు మాత్రం ఎప్పుడూ హార్మోనియం వాయించే కోటిలింగం గారి మీదే. పద్యానికి ముందు ఆయన్ని చూడాలి, అయ్యాక ఆయన తల ఊపాలి. ఆ ముక్కుపొడుం మనిషిలో, ఆ తిత్తుల పెట్టెలో ఏముందో నాకు చచ్చినా అర్థమయ్యేది కాదు.

ముప్పైరెండేళ్ళ కిందట రేపల్లె దగ్గర ఒక ఊళ్ళో నాటకం. ఆ సాయంత్రం ఆవిడకు జలుబు. పద్యం సగంలో ఉండగా పొలాలకు కరెంటు వదిలారు. ఊరి మోటార్లన్నీ ఒక్కసారిగా లేచాయి, పందిట్లో దీపాలు ఎర్రబడ్డాయి, నాకు ఒంట్లో సత్తువ పోయింది. టేపును ఈడ్చుకుంటూ తిప్పాను. అలా నెమ్మదిగా ఎక్కిన పాట, మామూలు వేగంతో తిప్పితే పరుగెత్తి పై శ్రుతిలో వినిపిస్తుంది. ఆ సంగతి నాకు తెలుసు, ఆవిడకు తెలియదు.

మర్నాడు ఇంట్లో, కోటిలింగం గారు కూడా ఉండగానే, ఆవిడ ఆ టేపు విన్నారు. ఒకటిన్నర శ్రుతిలో మొదలైన పద్యం నడిమధ్యన రెండుకు ఎక్కి కూర్చుంది. ఆవిడ మొహం మాడిపోయింది. గిట్టని నటిని ఏడిపించాలంటే హార్మోనిస్టు చేసే పని అదే మరి. చప్పుడు చేయకుండా శ్రుతి పెంచేస్తాడు, ఆమె గొంతు పగిలి నవ్వులపాలవుతుంది.

“నిన్న పై స్థాయిలో నా ప్రాణం పోయినంత పనైంది. జలుబనుకున్నా. ఇది మీరు చేసిన పనా మాస్టారూ?”

“నేను పెంచలేదమ్మా. నా చేతుల మీద ఒట్టు.”

“మనిషి అబద్ధమాడతాడు గానీ మిషను ఆడుద్దా?”

ఆయన హార్మోనియం ఎత్తుకుని వెళ్ళిపోయారు. ఆ మాట నాటకాల వాళ్ళందరికీ పాకింది, ఆయన్ని మళ్ళీ ఎవరూ పిలవలేదు. నేనా? ఎగిరి గంతేశాను! అప్పటినుంచి ఆవిడ నా ముందు కూర్చునే సాధన చేసేవారు. “ఇంక నాకు నువ్వేరా” అనేవారు. నిజం చెప్పడానికి నాకు నోరు లేదు. ఉన్నా చెప్పేవాణ్ణి కాదు, ఎందుకు దాచాలి?

ఈ మధ్య ఆ పద్యాలన్నీ కంప్యూటరులోకి ఎక్కించడానికి గుంటూరు నుంచి తులసి అనే ఆమె వచ్చింది. పాత టేపులు బాగుచేయడమే ఆమె పని. నాకు తీగ గుచ్చి, పక్కన అప్పడంలా పల్చటి ల్యాప్‌టాప్ పెట్టింది. భ్రమరాంబ గారు కుర్చీ దాని వైపుకు జరుపుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నా తడబాట్లన్నీ ఆ తెర మీద వంకర గీతలై కనబడుతుంటే సిగ్గుతో చచ్చాను కూడా.

రేపల్లె టేపు దగ్గర తులసి ఆగింది. “ఇక్కడ టేపు వేగం తప్పిందండీ.”

“టేపు కాదమ్మా, మనిషే తప్పాడు” అని ఆవిడ జరిగిందంతా చెప్పారు.

తులసి మళ్ళీ వినిపించింది. “వెనకాల జుమ్మని కరెంటు రొద ఉంది, వినండి. వోల్టేజీ పడిపోయినా ఆ రొద శ్రుతి మారదు. కానీ ఇందులో అది కూడా అదే క్షణంలో అర శ్రుతి ఎక్కింది. మాస్టారు కరెంటుక్కూడా శ్రుతి పెంచారంటారా అమ్మా?”

ఆమె రొదను దాని చోటికి దించేసరికి పద్యమూ హార్మోనియమూ దానితోపాటే దిగాయి. మొదటినుంచి చివరిదాకా ఒకటిన్నర. భ్రమరాంబ గారు కొంగు నోట్లో కుక్కుకున్నారు.

మర్నాడు నన్ను సంచిలో వేసుకుని, తులసిని వెంటబెట్టుకుని కోటిలింగం గారింటికి వెళ్ళారు. ఆయన అరుగు మీద ఎవరిదో మంచానికి నవారు అల్లుతున్నారు. అదే ఇప్పుడు ఆయన బతుకుతెరువు. తులసి సరిచేసిన పద్యాన్ని ల్యాప్‌టాప్‌లో వినిపించింది. ఆయన వేళ్ళు మంచంపట్టె మీద హార్మోనియం మెట్లు వెతుక్కున్నాయి.

“ఇదిగో మాస్టారూ, దొంగ. మీ కళ్ళ ముందే పగలగొడతాను” అని ఆవిడ నన్ను పైకెత్తారు.

“ఒద్దమ్మా. దానికేం తెలుసు? అది తప్పు చెప్పింది, మీరు నమ్మారు.”

ఆవిడ నన్ను మెల్లిగా సంచిలో పెట్టేశారు.

“హార్మోనియం ఉందా?” అని అడిగారు.

“తిత్తులు ఎలకలు కొట్టేశాయి.”

“అయితే నోటితోనే ఇవ్వండి శ్రుతి.”

ఆయన కళ్ళు మూసుకుని శ్రుతి అందించారు. డెబ్బై ఏళ్ళ గొంతుతో ఆవిడ పద్యం ఎత్తుకున్నారు. గొంతు రెండుచోట్ల జీరపోయింది, అయినా ఆయన తల ఊపుతూనే ఉన్నారు. ల్యాప్‌టాప్ మూసి ఉంది. నేను సంచిలో ఉన్నాను. ఆ పద్యాన్ని రికార్డు చేయాలని వాళ్ళకు తోచనేలేదు.