గులాబీ కుండీ దాకా ఒక పైపు

కొత్త కాపురం, కొత్త ఏసీ. ఇద్దరూ కలిసి లేతాకుపచ్చ రంగు వేసుకున్న గోడ మీద నీటి మరక కనబడగానే కొత్త పెళ్లికూతురి ప్రాణం ఉసూరుమంది. బయట ఏసీ నీళ్లు పోయే పైపు మూతిలో ఎవరో మళ్లీ గుడ్డ కుక్కారు. నీళ్లు వెనక్కి తన్ని గోడంతా కారుతున్నాయి.

"పైపు మూతికి ఇనప జాలీ బిగిస్తా, గుడ్డ ఎవరు కుక్కుతారో చూద్దాం!" అని మొగుడు లేని మీసం దువ్వాడు.

మర్నాడు ఆ జాలీకే గుడ్డ చుట్టి ఉంది. పూల గుడ్డ. సరిగ్గా అవే పూల దిండు గలీబు కింది వాటా పిన్నిగారి తీగ మీద ఆరుతోంది. పెళ్లికూతురు గబగబా కిందికి దిగింది.

"పిన్నిగారూ, మా పైపుకి గుడ్డ చుట్టింది మీరేనా?"

"చుట్టక? నా కిటికీ రేకు మీద టపటపా పడుతుంటే మధ్యాహ్నం కునుకు పడుతుందా? మీకేం తల్లీ, కొత్త జంట, పిడుగు పడ్డా వినపడదు!"

పెళ్లికూతురి చెవులు ఎర్రబడ్డాయి. సాయంత్రం మొగుడు పైపుకి ఇంకో ముక్క అతికించి, పిన్నిగారి గులాబీ కుండీ దాకా దించాడు. టపటపలు ఆగాయి.

గోడ ఆరాక ఇద్దరూ మరక మీద మళ్లీ రంగు వేస్తుంటే కింద బంతాడుతున్న పిల్లాడి మీద పిన్నిగారి గొంతు ఖంగుమంది.

"ఒరేయ్, ఆ పైపుకి బంతి తగిలిందంటే ఊరుకోను! అది నా గులాబీకి నీళ్లిచ్చే పైపు!"

పెళ్లికూతురు పకపకా నవ్వి, మొగుడి ముక్కుకి ఇంత రంగు పూసింది.