తొయామా తీరం ఆడవాళ్లు

వంటింట్లో కవళ్ల చేపలకి పొలుసు తీస్తున్నాను. హాల్లో నా ఫోను మోగితే మా ఆయన గోవింద్ ఎత్తాడు. "హేమ రాదండి మేడమ్. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఏడాదంటే కుదరదండి," అని పెట్టేసి, టీవీ సౌండు పెంచుకున్నాడు. నన్ను పిలవను కూడా పిలవలేదు.

చేసింది హైదరాబాద్ నుంచి నా పీహెచ్‌డీ గైడు అనూరాధ గారు. జపాన్‌లోని తొయామాలో ఏడాది పరిశోధనకి నన్ను ఎంపిక చేశారు. వెళ్తానో లేదో ఇవాళే చెప్పాలి.

వందేళ్ల కిందట అక్కడ బియ్యం ధర మండిపోతే, ఓడలకెక్కుతున్న బస్తాలకు అడ్డం పడ్డది ఆ తీరంలోని జాలరి ఆడవాళ్లే. వాళ్ల చరిత్ర చదువుతూ ఏళ్ల తరబడి వాళ్లతోనే నా కాపురం. ఈ శ్రీకాకుళంలో వాళ్ల సంగతి చెప్పుకోడానికి నాకు ఒక్కరూ లేరు. నేను పాఠాలు చెప్పే కాలేజీలో, మా హిస్టరీ డిపార్ట్‌మెంట్లో డాక్టరేట్ ఉన్నది నాకే, అయినా పెద్దాఫీసర్లు వస్తే ముగ్గులూ బొకేలూ నావే. మా అత్త బుల్లమ్మ, "జపానోలు నీకు కూడెడతారేటి?" అంటుంది. గోవింద్ స్నేహితుల ముందు నన్ను "జపాన్ టీచరు" అని వెక్కిరిస్తాడు. కుక్కర్ పెట్టి నాతో నేనే జపనీస్ మాట్లాడుకుంటాను, ఆ భాషలో నా గొంతు మర్చిపోతానేమోనని భయం.

చేతులు కడుక్కుని, ఫోను తెచ్చుకుని, పెరట్లోంచి భావనపాడులో ఉన్న అమ్మకి చేశాను. అమ్మ ఇప్పటికీ ఒడ్డున చేపలమ్ముతుంది. జరిగిందంతా చెప్పాను. సర్దుకోమంటుందనుకున్నాను.

"మీ అయ్య పేణానికి తెగించి ఏటకెళ్లీవోడు. పడవ ఒడ్డుకొచ్చినాక మరి నోరిప్పీవోడు కాదు. దర సెప్పీది నాను. షావుకారొచ్చి అడిగితే, నన్నేటడుగుతావు, దాన్నడుగు అనీవోడు. మన ఒడ్డున ఆడదాని బేరం మొగోడు సెప్పడు. నీ మాట అల్లుడు సెప్పడమేటే? నువ్వేటి సేస్తన్నావు అప్పుడు?"

"పొలుసు తీస్తన్నానమ్మా."

నాకు ఒళ్లు మండిపోయింది. గోవింద్ మీద కన్నా, అదంతా వింటూ కత్తిపీట ముందు నుంచి లేవని నా మీదే ఎక్కువ మండింది.

హాల్లోకి వచ్చాను. "కూరైందేటే?" అన్నాడు గోవింద్, టీవీ మీంచి కళ్లు తీయకుండా. రిమోట్ తీసుకుని టీవీ ఆపేశాను. అతని ఎదురుగానే నిలబడి అనూరాధ గారికి ఫోను కలిపాను.

"మేడమ్, ఇందాక మీరు విన్నది మా ఆయన మాట. నా మాట ఇంకా చెప్పలేదు. వెళ్తానండి."