ఆయన కంచంలో మందు

సూది ఉడకబెట్టడం కూడా అండాలు పనే అయింది. పెరట్లో కట్టెల పొయ్యి మీద నీళ్ళు మరిగి, గిన్నెలో గాజు గొట్టం టకటకలాడేదాకా పొగ మింగుతూ కూర్చోవాలి. మిర్యాలగూడ దవాఖాన నుంచి తెచ్చిన పెన్సిలిన్ సీసాలను నీళ్ళ కుండ కింది తడి ఇసుకలో దాచేదీ, ఆ ఇసుక ఆరకుండా చూసేదీ ఆమే. ఇంత చాకిరీ చేస్తున్నా, ఆ మందు మగనికి ఎందుకో ఆమెకు చెప్పినవాళ్ళు లేరు. "మిల్లు పని మీద తిరిగి తిరిగి సత్తువ పోయింది. బలం సూది," అన్నాడు కృష్ణమూర్తి. నేరేడుచర్లలోనే ఆయన మాటకు ఎదురు లేదు, ఇక ఇంట్లో ఎక్కడిది?

సూది వేసే నర్సు రూతమ్మను అత్త వెంకటమ్మ గడప దాటనిచ్చేది కాదు. రూతమ్మ సూది కొడుకు ఒంట్లోకి దిగవచ్చు గానీ, రూతమ్మ చెయ్యి కుండకు తగలకూడదట! మడి కూడా మనుషుల అవసరం చూసుకొని నడుస్తుంది కాబోలు. అందుకే రూతమ్మ పెరటి దారిన పొయ్యి దగ్గరికి వచ్చేది.

ఆ పొద్దు గిన్నె దింపబోతూ ఆమె అండాలు కడుపు వైపు చూసింది.

"ఎన్నో నెల దొరసానీ?"

"ఐదు. ముందటి ఇద్దరూ సచ్చే పుట్టిన్రు."

రూతమ్మ చెయ్యి ఆగిపోయింది. "మరి నువ్వు సూది ఏసుకుంటలేవా? ఇద్దరూ ఏసుకోవాలె, లేకుంటే ఇది గూడ దక్కదని డాక్టరు సాబు దొరకు చెప్పిండు. నేను ఆడనే ఉన్న."

"ఏం రోగమే?"

"సవాయి రోగం. బయట తిరిగిన మొగోళ్ళు తెస్తరు. పెండ్లానికి అంటుతది, కడుపుల పిల్లకూ అంటుతది."

"అయితే నాకూ ఎయ్యి."

"మొగడు సరే అనంది పెండ్లయినదానికి డాక్టరు సాబు ఎయ్యనియ్యడు తల్లీ. ఆయన్ని తోల్కరా."

మగడు సూది వేయించుకొని ఒంటరిగా ఉన్నప్పుడు, తనకూ వేయించమని అండాలు అడిగింది. ఆయన సిగ్గుపడలేదు, విసుక్కున్నాడు. "నా కంచంలనే తింటవు గద. నాకెక్కిన మందు నీకెక్కదా? కడుపుతోని ఉన్నదానివి, పరాయి మొగోని ముందట చెయ్యి సాపుతవా?" ఆయన ఆ మాట నిజంగానే నమ్మాడు. ఆమెకు భయం వేసింది అందుకే.

వంటింట్లో అన్నం వారుస్తూ అండాలు ఆలోచనలో పడింది. రెండోసారి పురిటి చాప మీద ఉండగానే అత్త అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "కడుపు గాదది, బొందలగడ్డ." తన కడుపు శ్మశానమేనని తానూ నమ్మింది. తడి బట్టలతో ప్రదక్షిణాలు చేసింది, ఉపవాసాలతో ఎండిపోయింది, తన ఒంటిని తానే అసహ్యించుకుంది. ఇప్పుడు నిజం తెలిసి మాత్రం ఏం చేస్తుంది? బండి ఆయనది. ఎడ్లు ఆయనవి. చివరికి తన జబ్బ మీద సూది గుచ్చాలన్నా ఆయన నోటి మాటే కావాలి. లోపల బిడ్డ కదిలింది. పాపం, దానికీ బయటికి దారి తెలియదు.

మధ్యాహ్నం కృష్ణమూర్తి తిని, అలవాటుగా కంచంలో ఇంత పప్పన్నం వదిలి లేచాడు. పెళ్ళయిన నాటి నుంచి అందులోనే వడ్డించుకుంటున్న అండాలు ఆ కంచాన్ని కడిగి బోర్లించింది. గూట్లోంచి వేరే కంచం తీసుకుంది.

వెంకటమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. "అదేందే? మొగని కంచం పక్కకు పెడ్తున్నవ్?"

అండాలు గొంతు పెంచింది. అరుగు మీది పాలేర్లకూ వినబడేటట్టే అంది.

"బండి కట్టమను అత్తమ్మా. ఆయన్నీ ఎక్కమను, దవాఖానకు పోవాలె. బొందలగడ్డ నా కడుపు గాదు. నీ కొడుకును అడుగు."