మలుపు అవతలి కొలను

ఆదివారం పొద్దున పార్కు గేటు పక్క బెంచీ మీద గలగలమ్మ కూర్చోవడం, లేవడం, రెండడుగులు వేసి మలుపు వైపు చూడడం, మళ్ళీ వచ్చి కూలబడడం చూస్తుంటే తోటమాలికే కాళ్ళు లాగేవి.

"కాస్త కుదురుగా కూర్చోండమ్మా. ఆయన వచ్చేటప్పుడు వస్తారు," అన్నాడు.

"ఆయన కోసం ఎవరు చూస్తున్నారు? కాళ్ళు తిమ్మిరెక్కితే లేచాను," అంది గలగలమ్మ. అని, ఊపిరి తీసుకునేంతసేపు ఆగి, "ఆయన కోసమే చూస్తున్నానులే," అని ఒప్పేసుకుంది.

అబద్ధమైనా నిజమైనా ఆవిడ నోట్లో నిలవదు. నువ్వుగింజ నానని నోరు అని కాలనీ అంతా అంటుంది. అసలు పేరు ఆవిడ కుట్టుషాపు బోర్డు మీద శుభ్రంగా రాసి ఉంది గానీ, దాన్ని చదివి పిలిచినవాళ్ళు ఇంతవరకూ లేరు.

పార్కు చిన్నదే. ఒకవైపు పిల్లల ఉయ్యాలలు, జారుడుబల్ల. ఇంకోవైపు గడ్డిలో అట్టలు పరుచుకుని బొమ్మలు వేసుకునేవాళ్ళు. చుట్టూ నడిచే బాట. ఒక చుట్టు తిరిగి రావడానికి రెండు సినిమా పాటలు పాడుకునేంత సేపు చాలు. అయితే అది లోపల ఏమీ దాచుకోనివాళ్ళ లెక్క. చెప్పాల్సిన మాట మింగి నడిచేవాళ్ళకి ఆ బాట సాగుతుంది. చిన్న మాటయితే ఒక మలుపు ఎక్కువ వస్తుంది. పెద్దదయితే వెదురు పొద వస్తుంది, దాని వెనక మనుషులు చూడని పిట్టలు, ఆ వెనక ఇంకా ఏవేవో వస్తాయట. ఈ సంగతి అందరికీ తెలుసు. ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు వచ్చినవాణ్ణి ముందు పార్కులో ఒక చుట్టు తిప్పి, తర్వాతే తాళం చేతిలో పెడతారు. పరీక్ష తప్పిన పిల్లలు ఆ వారమంతా ఉయ్యాల వదిలి కదలరు. పళ్ళ డాక్టరుగారు ఒకసారి పొద్దున బయలుదేరి మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. ఆయన భార్య ఒక్క మాట అడగలేదు, అన్నం మాత్రం పెట్టలేదు.

గలగలమ్మ భర్తని అందరూ రంగుల మాస్టారు అంటారు. పెయింట్ల షాపులో రంగులు కలుపుతారు. గోడ పెచ్చో గుడ్డపీలికో తెచ్చి చూపిస్తే, అచ్చం ఆ రంగే డబ్బాలో దించేస్తారని పేరు. ఆదివారాలు బొమ్మలు వేస్తారు. ఒకప్పుడు భార్యాభర్తలు కలిసే నడిచేవారు. ఏడాదిగా మాత్రం, మొదటి మలుపు దగ్గర గలగలమ్మ మాట్లాడుతూ మాట్లాడుతూ పక్కకి తిరిగేసరికి మాస్టారు ఉండటం లేదు. ఆవిడ ఠంచనుగా గేటు దగ్గరికి వచ్చేస్తుంది. ఆయన ఎండెక్కాక, చంకలో స్టూలుతో, చేతిలో బొమ్మతో వస్తారు.

బొమ్మ ఎప్పుడూ ఒకటే. పెద్ద కొలను, గట్టు మీద చెట్లు. మొదట్లో ఆ బొమ్మల్లో కాస్త నీలం, కాస్త పచ్చ ఉండేవి. రానురాను అంతా బూడిద. ఇంట్లో గోడలన్నీ బూడిద కొలనులే.

"దుమ్ము కొట్టుకుపోయిన ఆ కొలనులో ఏముందని వారంవారం పోతారండీ?" అని అడిగింది ఒకరోజు.

"ప్రశాంతంగా ఉంటుందే."

"పోనీ, అందులో కొంచెం రంగు వెయ్యకూడదూ?"

"ఉన్నది ఉన్నట్టు వెయ్యాలి. అది నా పద్ధతి," అన్నారు మాస్టారు.

ప్రశాంతంగా ఉంటుందన్న మాట గలగలమ్మకి ముల్లులా గుచ్చుకుంది. అంటే ఇంట్లో లేదనే కదా, తన వాగుడు భరించలేకనే కదా పోతున్నారు అనుకుంది. ఆయన మింగిన మాటేమిటో తెలియక ఆవిడకి తిండి సహించలేదు. ఇంకో మనిషెవరైనా ఉందా అని మొహం మీదే అడిగింది. "అంత ఓపిక నాకెక్కడిదే," అని నవ్వారు. నవ్వారు గానీ, ఏమిటో చెప్పలేదు.

సరే, నేనే ఆ కొలను దగ్గరికి పోతాను అని పంతం పట్టింది. దానికి తన దగ్గరా ఒక దాపరికం ఉండాలి. కొత్త ఇస్త్రీపెట్టె కొని మంచం కింద దాచింది. భోజనాల వేళకే, "మంచం కింద చూడకండి," అనేసింది. ఇంకోసారి ఆయన టీ కప్పు పగిలితే ముక్కలు దాచి నడిచింది. నిజంగానే ఒక మలుపు ఎక్కువ వచ్చింది, తోకాడిస్తూ ఎప్పుడూ చూడని పిట్టొకటి కనబడింది. ఆ సంబరంలో పరుగెత్తుకొచ్చి పిట్ట సంగతి చెప్పబోయి, కప్పు సంగతీ చెప్పేసింది.

ఒక బుధవారం పెయింట్ల షాపు యజమాని భార్య కర్టెన్లు కుట్టించుకోవడానికి వచ్చింది. గుడ్డ కొలవడం అయ్యాక తలుపు దగ్గరికి వేసింది.

"వదినా, నిన్ను నమ్మి చెప్తున్నా. ఎవరితో అనకు, మాస్టారితో అసలే అనకు. నెలాఖరుకి ఆయన్ని పని మానిపిస్తున్నారు."

గలగలమ్మ చేతిలో టేపు జారిపోయింది. "ఎందుకూ?"

"పచ్చగోడకి అతుకు వెయ్యాలంటే బురదరంగు కలిపిచ్చారట. ఒకసారి కాదు, ఎన్నోసార్లు. తాగొస్తున్నారేమోనని మా ఆయన అనుమానం. చాన్నాళ్ళ మనిషి కదా, మెల్లగా తనే చెప్తానంటున్నారు. నీ నోటి సంగతి తెలిసీ చెప్పానంటే చూడు, నీ మీద జాలితోనే."

తాగుడట! మాస్టారు దగ్గుమందు కూడా ముక్కు మూసుకుని తాగే మనిషి. గలగలమ్మకి కోపం, భయం, అవమానం ఒక్కసారే వచ్చాయి. ఇంటికి పోయి ఆయన్ని నిలదీద్దామనుకుంది. కానీ గుమ్మంలో ఆయన మొహం చూడగానే నోరు రాలేదు. ఈ మాట చెప్తే ఆ మనిషి కూలిపోతారు. కుట్టుపని చేసేటప్పుడు చేసినట్టే, నాలుగు గుండుసూదులు తీసి పెదాల మధ్య పెట్టుకుంది. ఆదివారం దాకా అన్నం తినేటప్పుడు తప్ప అవి తియ్యలేదు.

"ఏమే, ఒంట్లో బాగాలేదా?" అని మాస్టారు కంగారుపడ్డారు.

"ఊహూఁ," అంది సూదుల మధ్యనుంచి.

ఆదివారం ఆయన ముందు వెళ్ళారు. కాసేపాగి ఆవిడ బయలుదేరింది. చివరి మలుపు తర్వాత గేటు కనబడాలి, కనబడలేదు. ఇంకో మలుపు వచ్చింది. వెదురు పొద వచ్చింది. అదీ దాటింది. నడక పరుగయ్యింది. బాట సాగుతూనే ఉంది. పొద చివర కొమ్మలు పక్కకి తోసి చూసింది.

కొలను ఎదురుగా ఉంది. గలగలమ్మ నోట్లో సూదులు కింద పడ్డాయి.

నీళ్ళు నెమలికంఠం రంగులో ఉన్నాయి. గట్టు మీద చెట్లు చిలకపచ్చ, వాటి కొసలు మావిచిగురు రంగు. నడుమ ఒక పెద్ద చెట్టు ఒళ్ళంతా ఎర్రగా పూసి, దాని నీడ నీళ్ళలో వంకాయరంగుకి తిరిగి ఉంది. ఆవిడ షాపులో దారాల డబ్బా మొత్తం గుమ్మరించినా ఇన్ని రంగులు లేవు. ఒడ్డున స్టూలు మీద మాస్టారు కూర్చుని బొమ్మ వేస్తున్నారు. ఆ బొమ్మ నిండా బూడిదే ఉంది.

గలగలమ్మ కొలను చూసింది, బొమ్మ చూసింది. ఉన్నది ఉన్నట్టు వేసే మనిషి ఆయన. పచ్చగోడ, బురదరంగు డబ్బా, ఇంట్లో గోడల మీద బొమ్మలు, అన్నీ అర్థమైపోయాయి. వెళ్ళి ఆయన పక్కన గడ్డిలో కూర్చుంది.

మాస్టారు ఉలిక్కిపడ్డారు. "నువ్విక్కడికెలా వచ్చావే?"

"అందరూ వచ్చినట్టే వచ్చాను."

ఆయన కుంచెతో గట్టు వైపు చూపించారు. "ఆ నడిమి చెట్టు... ఏ రంగులో ఉందే?"

అంత మాట అనగానే ఆయన కూర్చున్న స్టూలు పొగమంచులో ఉన్నట్టు కాస్త మసకబారింది.

"ఏడాది క్రితం కళ్ళ డాక్టరు చెప్పాడు. చూపుకేం కాదట, రంగులే పోతాయట. రంగుల మాస్టారికి రంగులు కనబడవంటే ఎవడన్నా పనిలో ఉంచుకుంటాడా? నీకూ చెప్పలేకపోయాను."

"ఊరంతా చాటుతాననా?"

"కాదే. ఏడుస్తావని."

అప్పటికే ఏడుస్తోంది ఆవిడ. కానీ ఆయన భుజాల్లోంచి అవతలి గట్టు కనబడుతోంది. మాట బయటపెట్టాక మనిషి అక్కడ నిలవడని గలగలమ్మకి తెలుసు.

"ఏడుపు తర్వాత. ముందు వినండి," అని కన్నీళ్ళు తుడుచుకోకుండానే మొదలుపెట్టింది. ఎరుపు ఎలాంటి ఎరుపో చెప్పింది. ఇటుక కాదు, కుంకుమ కాదు, మన పెళ్ళిలో మీ అక్క కట్టుకున్న చీర అంచు ఎరుపు అంది. నీళ్ళు ఎక్కడ నీలమో, ఎక్కడ పచ్చకి తిరిగాయో చెప్పింది. జీవితంలో అంత వేగంగా ఎప్పుడూ మాట్లాడలేదు. మాస్టారు కళ్ళు మూసుకుని విన్నారు. "అదీ! కనబడుతోందే, కనబడుతోంది," అన్నారు. ఆవిడ ఊపిరి పీల్చుకుని చూసేసరికి ఆయన లేరు, స్టూలు లేదు. కొలను మాత్రం అలాగే ఉంది.

తిరిగొచ్చేసరికి గేటు దగ్గర మాస్టారు బెంచీ మీద కూర్చుంటున్నారు, లేస్తున్నారు, మలుపు వైపు చూస్తున్నారు.

"ఎంత సేపయిందే! నేను రెప్పపాటులో ఇక్కడున్నాను," అన్నారు. ఆయన మొహం ఏడాది బరువు దించినట్టుంది. "రేపే షాపులో చెప్పేస్తాను. వాళ్ళు గమనించేలోపే నేనే మానుకుంటే మర్యాదగా ఉంటుంది. ఏమంటావు?"

షాపు యజమాని భార్య మాట గలగలమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. జాకెట్టుకి గుచ్చుకున్న గుండుసూది తీసి పెదాల మధ్య పెట్టుకుని, తలూపింది.

సోమవారం మాస్టారు ఇంటికి వస్తూనే గుమ్మంలోంచే చెప్పారు. "మానేస్తానంటే యజమాని ఎంత బాధపడ్డాడనుకున్నావు! మీరు లేకపోతే షాపెలా మాస్టారూ అన్నాడు." ఆ ముక్క ఆ రాత్రి మళ్ళీ మళ్ళీ చెప్పారు. ప్రతిసారీ గలగలమ్మ మొదటిసారి విన్నట్టే విన్నది.

తర్వాత పార్కు ఆఫీసులో ఆవిడే మాట్లాడింది. ఆ వాగుడు భరించలేక వాళ్ళు ఒప్పుకున్నారు. చెట్లకి పేర్ల పలకలు రాసే పని మాస్టారికి దొరికింది. తెల్ల పలక మీద నల్ల అక్షరాలు. ఆయన చెయ్యి ముత్యాలు పేర్చినట్టు రాస్తుంది.

ఇప్పుడు ఆదివారాలు గేటు పక్క బెంచీ మీద మాస్టారు ఉంటారు. రంగుల గొట్టాల మీద పేర్లు చదివి వరసగా పెట్టుకుంటారు. గలగలమ్మ ఒక్కతే నడకకి పోతుంది, ఎండెక్కాక వస్తుంది.

"ఈవిడకీ దాపరికమా!" అని తోటమాలి బుగ్గలు నొక్కుకుంటాడు. కాలనీలో ఆ మాటేమిటో కనిపెట్టాలని తలలు బద్దలు కొట్టుకోనివాళ్ళు లేరు.

ఆవిడ ఆయాసపడుతూ వచ్చి బెంచీ మీద కూర్చుంటుంది. మాస్టారు ఆవిడ మొహంలోకి ఒకసారి చూస్తారు. అంత దూరంనుంచి రావాలంటే లోపల ఎంత మాట ఉండాలో, ఏడాదిపాటు అదే దారిన నడిచిన ఆయనకి తెలుసు. అదేమిటని మాత్రం అడగరు. కుంచె తడుపుతారు.

"చెప్పవే," అంటారు. "నడిమి చెట్టు ఇవాళ ఎలా ఉంది?"