పక్కగదిలో కుర్చీ

పెళ్లయిన కొత్తల్లో ఆమెకు ప్రతిదీ ముద్దొచ్చేది. ఆమె కళ్లద్దాలు భర్త తుడిచిపెట్టే తీరు, టీ ఊది చల్లార్చి కప్పులో స్ట్రా వేసే తీరు, ఆఖరికి అతని గురక కూడా. అతనిది కళ్లద్దాల దుకాణం. ఆమె అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేది. మెడ కింద ఒళ్లు పెద్దగా మాట వినదు గానీ, ఒక్క వేలితో మోటారు కుర్చీ నడిపి వీధంతా హడలగొట్టేది.

సాయం చేసే అమ్మాయిని ఆమే వెతుక్కుని, ఆమే పని నేర్పి పెట్టుకుంది. గలగలా వాగుతుందని పిడుగు అని పిలిచేది. జాకెట్ ముందు ఏ చేతికి తొడగాలో, కప్పు ఎంత వంచాలో, ఎన్నింటికి బయల్దేరాలో ఆమె చెప్పేది, పిడుగు చేసేది. అలా కుదిరాకే పుట్టింటి నుంచి బయటపడి సొంతంగా ఇల్లు తీసుకుంది. పెళ్లి ఆ తర్వాతి ముచ్చట.

ముందు స్నానం తను చేయిస్తానన్నాడు భర్త. సిగ్గుపడుతూనే ఒప్పుకుంది. తర్వాత జడ. అది అష్టవంకర్లు పోతే ఇద్దరూ పడీపడీ నవ్వారు. "బావగారూ, నా పొట్ట కొడుతున్నారు," అంది పిడుగు. అతనూ నవ్వాడు. ఇక సాయంత్రాలు రానక్కర్లేదని ఆ పిల్లతో చెప్పేశాడు. ఆ సంగతి పిడుగు చెబితేనే ఆమెకు తెలిసింది. అదేమిటని అడిగితే బుగ్గ గిల్లి, "నేనున్నాగా," అన్నాడు.

ఆ మాట కూడా మొదట్లో ముద్దొచ్చింది.

చలి వేయకముందే దుప్పటి మీద పడేది. ఆకలి వేయకముందే ముద్ద నోటికి వచ్చేది. స్నేహితురాళ్లు ఫోన్ చేస్తే, పడుకుందని అతనే జవాబు చెప్పేవాడు. ప్రూఫులు ఇంటికే పంపమని ఆఫీసుకు కబురు చేశాడు. ఇదేం బాలేదని ఆమె అంటే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. చివరికి ఓదార్చే పని ఆమె మీదే పడింది. ప్రూఫులు రావడం తగ్గింది. సోమవారం వచ్చి కనబడకపోతే పని వేరొకరికి ఇచ్చేస్తానని మేనేజరు చెప్పాడు.

ఆ సోమవారం పొద్దున కళ్లు తెరిచేసరికి మంచం పక్కన కుర్చీ లేదు.

"గది ఇరుకైపోయిందని పక్కగదిలో పెట్టాను," అన్నాడతను, తువ్వాలు మడతపెడుతూ.

"తీసుకురా. పిడుగు వచ్చే వేళయింది."

"తనిక రాదు బుజ్జీ. మానెయ్యమన్నాను."

"దాన్ని పెట్టుకుంది నేను. మానెయ్యమనాల్సిందీ నేనే."

"కోపంలో కూడా ఎంత బావుంటావో," అన్నాడు. అతని ముఖం నిండా ప్రేమే.

అంతలో బెల్ మోగింది. అతను వెళ్లి తలుపు ఓరగా తీశాడు. అక్కకు ఒంట్లో బాలేదని, పడుకుందని అతను మెల్లగా చెప్పడం ఇక్కడికి వినిపించింది.

"ఆ ముక్క అక్కనే చెప్పమనండి, వెళ్లిపోతాను," అంది పిడుగు.

ఆ పిల్ల ముఖం మీదే తలుపు మూసుకుంది. అతను వచ్చి మంచం మీద కూర్చుని ఆమె జుట్టులోకి వేళ్లు పోనిచ్చి మెల్లగా నిమరసాగాడు. బయట చెప్పుల చప్పుడు ఒక్కో మెట్టే దిగుతోంది. ఆమెది బలమైన గొంతు కాదు. గుండెల్లో ఉన్న ఊపిరంతా కూడగట్టుకుంది.

"పిడుగూ, లోపలికి రా. నేను రమ్మంటున్నాను."

మెట్ల మీద చప్పుడు ఆగింది. ఆమె జుట్టులో అతని వేళ్లూ ఆగాయి. ఆగాయి గానీ, బయటికి రాలేదు.