బూడిద కింద తలుపు

సముద్రం ఒడ్డునున్న ఫజా ఎస్కూరా ఊళ్లో అగ్నికొండను చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం కడుతున్న ప్రదర్శనశాల నేలమీద కనిపించకూడదు. లావా కారిపోయాక మిగిలే గుహలా గుండ్రంగా తవ్వి, కప్పు వేసి, తీసిన బూడిదనే మళ్లీ పైన పరవాలి. సముద్రంలోంచి చూసినా కొండ మునుపటి కొండే అనిపించాలి. ఆ తవ్వకంలో మేస్త్రి బెల్మీరోకి తన తాత ఇంటి తలుపు తగిలింది. లోపల గడియ వేసి ఉంది.

కొండ పేలి బూడిద కురిసిన ఏడాది ఊరంతా పడవలెక్కింది. అతని మేనమామ సిల్వేరియో ఎక్కలేదు. చచ్చిపోగా చూసినవాళ్లు లేరని బెల్మీరో తల్లి ఎర్మెలిండా ఇన్నాళ్లూ తన అన్న పేరున చర్చిలో ప్రార్థన కూడా చెప్పించలేదు. ఎముకలు దొరికితే పాతిపెట్టుకుంటానని కర్ర పట్టుకుని తనే దిగొచ్చింది.

"మేం భోంచేసొచ్చేలోపు చూసుకోండి. వచ్చాక కాంక్రీటు పోసేస్తాం," అన్నాడు పెద్దమేస్త్రి గౌడెన్సియో. "ఒరే బెల్మీరో, మీ మామ కనిపిస్తే ఓ చెయ్యేసి పొమ్మను. మనుషులు చాలట్లేదు."

అందరూ పైకెళ్లారు. బెల్మీరో గునపం ఎత్తాడు.

"ఆగరా! పిలవకుండా చొరబడతావా, దొంగలా?" అని కసిరి తల్లి తలుపు తట్టింది. "అన్నయ్యా, ఇంట్లో ఉన్నావా?"

బూడిద సన్నగా రాలింది. అవతల కుర్చీ జరిగింది.

"ఎంతమంది?"

ఆ ఊళ్లో పండగనాడు రొట్టె, మాంసం చారు తినడానికి గుమ్మంలోకొచ్చిన వాళ్లని లోపల్నించి అలాగే అడుగుతారు, గిన్నెలు సర్దడానికి. గొంతు ముసలిది కాదు. ఊరు ఖాళీ అయిననాటి వయసులోనే ఉంది.

బెల్మీరో తల్లి రెక్క పట్టుకున్నాడు. "పద అమ్మా. గోడ పోసేయనీ."

"అడిగాక చెప్పకుండా పోతే ఏమనుకుంటాడు?"

ఆమె మెల్లిగా చెయ్యి విడిపించుకుంది. లంగాకంటిన బూడిద దులుపుకుంది. కొడుకు వైపు చూడకుండా, "ఒక్కదాన్నే, అన్నయ్యా," అంది.

లోపల బల్లమీద గిన్నె పెట్టిన చప్పుడు. తర్వాత గడియ కిర్రుమంది.

పైన మనుషుల నవ్వులు వినిపిస్తున్నాయి. కాంక్రీటు యంత్రం తిరగడం మొదలైంది. తల్లి కర్ర గోడకి ఆనించేసింది. బెల్మీరో గునపం కింద పెట్టి, టోపీ తీశాడు.

"ఇద్దరం, మామా."

ఇంకో గిన్నె చప్పుడైంది.