కాపలా లేని నెత్తురు

నేను ఒక యంత్రాన్ని. నెత్తురులోని కణాలను ఒక్కొక్కటిగా లేజరు వెలుగు ముందు నడిపించి, దేని కడుపులో ఏముందో చెప్పడం నా వృత్తి. ఎక్కడో చలిదేశపు ఫ్యాక్టరీలో పుట్టి, ఓడెక్కి వచ్చి, హైదరాబాదులో ఒక పరిశోధనాలయంలో దిగాను. దిగగానే నా నెత్తిన కుంకుమ రుద్దారు. డైరెక్టరు చక్రధరంగారు నా మీద చెయ్యేసి ఫొటో దిగారు. ఆ తర్వాత నాకు గుడ్డ కప్పి గదికి తాళం వేయించారు. పని చేయనివ్వకపోవడమే కాపాడడమని నమ్మే మనిషిని అప్పుడే మొదటిసారి చూశాను. తర్వాత చాలామందిని చూశాను.

ఒకరోజు ఆయన అతిథులకు నన్ను చూపిస్తుండగా, అక్కడే పనిచేసే డాక్టర్ మెహరున్నీసా లోపలికి వచ్చింది. ఆమె వెనుక ఆదిలాబాదు నుంచి వచ్చిన గంగుబాయి. ఒళ్లో నెలల పిల్లవాడు. చర్మమంతా రేగిపోయింది, విరేచనాలు ఆగవు, ఆ వయసుకే షుగరు.

"సార్, ఈ బాబు నెత్తురు ఇవాళే ఇందులో చూడాలి."

"విరేచనాలకు లేజరెందుకమ్మా? పాలు పడక ఉంటాయి," అని ఆయన నవ్వారు. అతిథులూ నవ్వారు. డైరెక్టరు నవ్వినప్పుడు నవ్వడం వాళ్ల ఉద్యోగంలో భాగం.

గంగుబాయి నవ్వలేదు. "పెద్దోనికి గూడ పాలు పడలేదనే చెప్పిన్రు సారూ. మట్టిల వెట్టినం."

అతిథుల ముందు కాదనలేక ఆయన తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు.

మీ ఒంట్లో దాదాపు ప్రతి కణానికీ ఒకే జన్యువుల మూట ఉంటుంది. వాటిలో ఏవి పలకాలో, ఏవి నోరు మూసుకోవాలో తేల్చే ప్రోటీన్లు కొన్ని డీఎన్‌ఏ మీదికెక్కి కూర్చుంటాయి. ఫాక్స్‌పీ త్రీ అలాంటిదే. దాని మాట వినే తెల్లకణం కాపలాకణమై, తక్కిన తెల్లకణాలు సొంత ఒంటి మీద పడకుండా ఆపుతుంది. ఎక్కడ ఆగాలో కణాలకైనా తెలుసు.

మెహరున్నీసా ఆ ప్రోటీనుకు మాత్రమే అంటుకునే రంగు కలిపి, పోలిక కోసం ముందు తన నెత్తురు నాలోకి వదిలింది. కాపలాకణాలు మెరిశాయి. తర్వాత పిల్లవాడి కణాలు వేలకొద్దీ నడిచాయి. ఒక్కటీ మెరవలేదు.

"ఏమాయె బిడ్డా?" అంది గంగుబాయి.

"వీడి నెత్తురే వీణ్ణి కొడుతోంది గంగక్కా. ఆపే కణాలు లేవు. తప్పు పాలదీ కాదు, నీదీ కాదు. ఇంకొకరి ఎముకల్లోని మూలుగ ఎక్కించి కొత్త నెత్తురు పుట్టించాలి. వీడికి అక్క ఉందన్నావు కదా?"

గంగుబాయి పిల్లవాణ్ణి గట్టిగా హత్తుకుంది. "పెద్దోనికి ఈ మాట ఎవలూ చెప్పకపోయిరి," అని అప్పుడు ఏడ్చింది.

జన్యుపరీక్ష కూడా అదే మాట చెప్పింది. అక్క మూలుగ సరిపోయింది. పిల్లవాడు బతికాడు.

పత్రికల్లో చక్రధరంగారి ఫొటో వచ్చింది. జబ్బును తాను చూడగానే గుర్తుపట్టానని ఆయన సెలవిచ్చారు. మెహరున్నీసా వేరే ఊళ్లో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయింది. కొన్నేళ్లకు నా లేజరు ఆరిపోయింది. నన్ను వరండాలో అద్దాల పెట్టెలో నిలబెట్టి, ముందు ఇత్తడి ఫలకం బిగించారు.

మొన్న గంగుబాయి కొడుకును తీసుకుని వచ్చింది. వాడిప్పుడు బడికి పోతున్నాడు. "మన డాక్టరమ్మ పేరు ఏడున్నదో సదువు," అంది.

వాడు ఫలకం మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదివాడు. "చక్రధరం అని ఉన్నదే."

"గాయినెవలు?" అంది గంగుబాయి.